చివర్లో వచ్చే దర్జీ

మా లైబ్రరీలో ఏటా వేసవిలో పిల్లలకి పుస్తకాలు చదివే పోటీ పెడతాం. పది పుస్తకాలు చదివితే రంగు పెన్సిళ్ళు, ఇరవై చదివితే గుడ్డసంచి. ఈ ఏడు పెద్దవాళ్ళు అలిగారు. "మేం చదవమా? మాకు సంచులక్కర్లేదా?" అని రిటైరైన లెక్కల మాస్టారు కౌంటరు మీద చెయ్యేసి నిలదీశారు. లైబ్రేరియన్ మేడమ్ సంచి ఇవ్వలేదు గానీ, గుమ్మం పక్కన ఆకుపచ్చ బోర్డు పెట్టించింది. 'ఈ వేసవికి మీరు చదవమనే పుస్తకం ఏది? ఎందుకు?' అని పైన రాయించి, పక్కన కార్డులూ పిన్నులూ ఉంచింది. ఆ కార్డులు గుచ్చడం, ఆ పుస్తకాలు వెతికి కింద బల్ల మీద పేర్చడం నా పని.

కరెంటు లైన్‌మన్ మంచుకొండల యాత్ర గురించి రాశాడు: 'స్తంభం దిగి వచ్చి చదివితే చెమట ఆరుతుంది.' పళ్ళ డాక్టరమ్మ ఒక హత్య కథ చెప్పింది: 'మా దగ్గర కూర్చుని చదివేవాళ్ళు పిలిచినా లోపలికి రావడం లేదు.' లెక్కల మాస్టారు లాగరిథమ్ పట్టికలు చదవమన్నారు: 'ఒక్క తప్పు లేదు.'

మా అక్క రాసింది 'మర వెనక ఇల్లు' అనే పాత నవల గురించి. 'పిండిమర కోసం పోట్లాడుకుని అన్నదమ్ములు ఇరవై ఏళ్ళు మాట్లాడుకోరు. మధ్యలో కాస్త సాగుతుంది, ఓర్చుకోండి. చివర్లో ఒక దర్జీ వస్తాడు. అతని కోసమైనా చదవాలి.'

జనం ఎగబడ్డారు. ఉన్న మూడు ప్రతులూ బల్ల మీద ఒక్కరోజు కూడా నిలవలేదు. వారం తిరక్కుండానే డాక్టరమ్మ పుస్తకం తిరిగిస్తూ, "బాగానే ఉంది, మరి దర్జీ ఏడీ?" అంది. మర్నాడు లైన్‌మనూ అదే మాట. మూడోరోజు లెక్కల మాస్టారు చీటీతో సహా వచ్చారు.

"చూడవయ్యా. రెండువందల డెబ్బై రెండు పేజీలు. పోస్ట్‌మన్లు ఇద్దరు, గుర్రబ్బండివాడు ఒకడు, దర్జీ సున్నా. రెండుసార్లు లెక్కపెట్టాను. మీ అక్కయ్య ఏ పుస్తకం చదివింది?"

పదమూడేళ్ళుగా పుస్తకాల మధ్య ఉంటున్నాను కనక చదివే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. అక్క కూడా చదవలేదు, విన్నది. చదివి వినిపించింది మా బావ. బావ దర్జీ.

సైకిలు షాపుకీ ఫొటో స్టూడియోకీ మధ్య ఇరుక్కుని, ఆరడుగులు వేస్తే గోడ తగిలే దుకాణం ఆయనది. ఎనిమిదో తరగతిలో చదువు మానేసి మేనమామ దగ్గర పనిలో చేరాడు. మూడేళ్ళు ఇస్త్రీ, మూడేళ్ళు గుండీలు, ఆ తర్వాతే కత్తెర చేతికొచ్చింది. చదువు మాత్రం మానలేదు. కొలతలకి కత్తిరించే పాత పత్రికల కాగితాలే ఆయన బడి. జబ్బ ఆకారంలో కోసిన కాగితం మీద సగం కథ ఉండేది, మిగతా సగం ఇంకెవరి వీపుకో వెళ్ళిపోయేది. పోయిన సగాన్ని తనే ఊహించుకోవడం ఆయనకి అప్పుడే అలవాటైంది.

పెళ్ళయ్యాక ఈ అలవాటుకి శ్రోత దొరికింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా దుకాణానికి ఎవరూ రారు. బావ షట్టరు సగం దించి, స్టూలు మీద కూర్చుని పైకి చదువుతాడు. అక్క కిటికీ దగ్గర కాజాలు కుడుతూ వింటుంది. కాజా కుట్టేటప్పుడు కళ్ళూ చేతులూ ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయేగా అంటుంది. మంచి పట్టులో ఉండగా ఎవరైనా ప్యాంటు పట్టుకొస్తే, అక్క చూసే చూపుకి ఆ మనిషి పొడవు ఒక అంగుళం తగ్గాల్సిందే. ఆయన పేజీకి గుర్తుగా గుడ్డపేలిక పెడతాడు. లైబ్రరీకి తిరిగొచ్చిన పుస్తకాల్లోంచి నేను ఏరిన పేలికలతో ఒక దిండు నింపొచ్చు.

సరే, దర్జీ సంగతి తేల్చుకుందామని వెళ్ళాను. అక్క దారం కొనడానికి బజారుకెళ్ళింది.

"బావా, 'మర వెనక ఇల్లు'లో దర్జీ ఏ పేజీలో వస్తాడు?"

బావ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. "ఎవరడిగారు?"

"ఊరంతా అడుగుతోంది. అక్క కార్డు రాసిందిగా బోర్డు మీద."

ఆయన లేచి వీధిలోకి తొంగిచూసి వచ్చాడు. "ఒరేయ్ బావమరిదీ, ఆ దర్జీ పుస్తకంలో లేడు. నా దగ్గరున్నాడు."

పన్నెండేళ్ళ కిందటి మాట. రెండువందల యాభై ఆరో పేజీ చదివి తిప్పితే, తర్వాత అట్టే ఉందట. చివరి పదహారు పేజీలు లేవు.

"మీ అక్క సూది కింద పెట్టిందిరా. ఇన్నేళ్ళలో తను సూది కింద పెట్టి వినడం చూడలేదు నేను. ఏమని చెప్పను, అయిపోయిందనా? చదివిన పేజీలే మళ్ళీ తిప్పుతూ, వేలు ఆడిస్తూ, నా నోటికొచ్చింది చదివేశాను."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ పదహారు పేజీలూ కుట్టు విడి ఊడొచ్చినప్పుడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉత్సాహంతో జాగ్రత్త చేసింది నేనే. ఎంత జాగ్రత్త అంటే, ఇవాళ్టికీ నాకే దొరకలేదు. ఆ ప్రతి తర్వాత చెదలకి పోయింది. ఇప్పుడున్న మూడూ కొత్త ముద్రణవి.

"ఇంతకీ ఏం చదివావు?"

బావ గుడ్డ మడత సవరిస్తూ చెప్పాడు. అన్న ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడు. బండి ఎక్కబోతూ కాలు పైకి లేపితే ప్యాంటు వెనక కుట్టు పర్రున పోయింది. సిగ్గుతో చేతిసంచి అడ్డం పెట్టుకుని, స్టేషను బయట దర్జీ కొట్లో దూరాడు. దర్జీ తాపీగా కుడుతూ కూర్చున్నాడు. ఈలోగా బండి వెళ్ళిపోయింది, తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అన్న లుంగీతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"బావా, అది నా ప్యాంటు!" అన్నాను.

నా ప్యాంటే. ఆ కథ చదవడానికి ఎనిమిది నెలల ముందు మా పెద్దమ్మ కూతురి పెళ్ళిలో, కిందపడ్డ గ్లాసు తీద్దామని వంగితే, రెండువందల మంది చూస్తుండగా పోయింది. నవ్వులపాలైన కంగారులో, "బావ కుట్టింది మరి!" అనేశాను. కొలత ఇచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చింది నేను. ఆ సంగతి చెప్పలేదు. అక్క నాతో మాట మానేసింది. ఎనిమిది నెలలు. తర్వాత ఒక ఉదయం సరాసరి లైబ్రరీకి వచ్చి, టేపు తీసి, "లే. కొలతివ్వు. ఈసారి ఊపిరి వదిలి నిలబడు," అంది. ఎందుకు మనసు మారిందో అప్పుడు అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు తెలిసింది.

"దానికి తెలియనివ్వకురా," అన్నాడు బావ. "తెలిస్తే ఇక చదవమనదు. చదివినా ప్రతి పేజీకీ ఇది పుస్తకంలోదా, మీదా అంటుంది. ఆ రెండు గంటలూ పోతే నాకు మిగిలేది ఈ మిషను చప్పుడే."

"నేను చూసుకుంటాగా," అని భరోసా ఇచ్చాను. నేను చూసుకున్న పనులు ఎలా ఉంటాయో పదహారు పేజీలనడిగితే చెబుతాయి.

రెండురోజులకి అక్క లైబ్రరీకి వచ్చింది. మాస్టారు దార్లో కనపడి దర్జీ సున్నా అన్నారట. బల్ల దగ్గర నిలబడే చివరి పేజీలు గబగబా చదివింది. ముక్కు ఎర్రబడింది. "వీడేంటి, బండెక్కి వెళ్ళిపోయాడు? తమ్ముడొచ్చేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ! దర్జీ ఏడిరా?"

"కొత్త ముద్రణ కదక్కా, మార్చేసుంటారు," అన్నాను. అబద్ధం అంత నున్నగా వచ్చినందుకు నాకే ముచ్చటేసింది.

"మార్చేస్తారా! ఎవర్నడిగి? కాగితం ఇవ్వు."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రచురణకర్తలకి ఉత్తరం మొదలైంది. "అయ్యా, మీరు దర్జీని తీసేయడం చాలా అన్యాయం..." మాస్టారు పక్కన నిలబడి కామాలు అందించారు. లైన్‌మన్ తనూ సంతకం పెడతానన్నాడు. "పాత పుస్తకంలో ఉన్నట్టు సాక్ష్యం కావాలమ్మా," అన్నారు మాస్టారు. "సాక్ష్యానికేం, ఆయనే చదివారు," అని అక్క ఫోను చేసింది.

బావ మెళ్ళో టేపు, పెదవుల మధ్య గుండుసూదితో అలాగే వచ్చాడు. అక్క ఉత్తరం ముందుకి జరిపి, "ఇక్కడ పెట్టండి సంతకం. దర్జీ ఉన్నాడని మీ నోటితో చదివారుగా," అంది.

బావ నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు చూశాను. ఆయన నోట్లో సూది తీసి చొక్కాకి గుచ్చుకున్నాడు.

"రాయకు. వాళ్ళ తప్పేం లేదు. ఆ పుస్తకంలో చివర పదహారు పేజీలు లేవు. దర్జీని నేనే పెట్టాను."

"ఆ పేజీలేమయ్యాయి?" అని లైబ్రేరియన్ మేడమ్ ఆరా తీసింది. నేను అర్జెంటుగా వెనక బీరువాలు సర్దడానికి వెళ్ళిపోయాను. అక్క పెన్నుకి మూత పెట్టి, ఉత్తరం మడిచి సంచిలో వేసుకుని, గుమ్మం దిగింది.

మూడురోజులు దుకాణంలో రెండు కాగానే రేడియో మోగింది. బావ స్టూలు మీద కూర్చుని ఖాళీ చేతుల వంక చూసుకునేవాడు. నాలుగోరోజు నేను, నడుం వదులు చేయించుకోవాలన్న వంకతో ఒక ప్యాంటు పట్టుకుని వెళ్ళాను. వంకేం కాదు, నిజంగానే పట్టడం లేదు.

అక్క తల ఎత్తలేదు. "పేజీలు పోగొట్టింది నువ్వేనటగా?"

"ఎవరు చెప్పారు?"

"నీ మొహమే చెబుతోంది. కూర్చో."

కూర్చున్నాను. ఒక కాజా పూర్తయింది. రెండోది సగంలో ఉండగా, సూది మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"ఆ దర్జీకి పెళ్ళయిందా?"

బావ ఉలిక్కిపడ్డాడు. "ఆఁ... అయింది."

"మరి కథలో కనపడదే?"

"లోపల కాజాలు కుడుతోంది."

"పరాయి మనిషి గుమ్మంలో అంతసేపు కూర్చుంటే ఒక్కసారైనా బయటికి రాలేదూ?"

"వచ్చింది. నీకు చదివేటప్పుడు ఆ ముక్క వదిలేశాను."

"ఎందుకూ?"

"నువ్వు పోల్చుకుంటావని."

అక్క దారం పళ్ళతో కొరికింది. "బండి టైమైపోతోందని ఆవిడైనా చెప్పలేదా వాడికి?"

"టైము ఆవిడకి తెలుసు," అన్నాడు బావ మెల్లగా. "తెలిసే చెప్పలేదు."

అక్క పెదవి చివర కాస్త కదిలింది. చెయ్యి చాచి రేడియో కట్టేసింది. "ఇలా ఇంకెన్నిటికి కుట్టారు?"

"రెండిటికి."

"ఏవేవి?"

"చెప్పను. పట్టుకో చూద్దాం."

"పట్టుకోలేననా? ఆ పడవవాడి నవలలో వానొచ్చింది చూడండి, అది మీదే. అంత మంచి వాన వాళ్ళు రాయరు."

బావ చెవులు ఎర్రబడ్డాయి. అక్క సంచిలోంచి 'మర వెనక ఇల్లు' తీసి కటింగు బల్ల మీద పెట్టింది. "ముందు వాళ్ళ చివర చదవండి. ఆరోజు కోపంలో చదివాను, ఎక్కలేదు. తర్వాత మీది. ఆవిడ బయటికొచ్చిన ముక్కతో సహా."

బావ రెండూ చదివాడు. రెండోదానికి పుస్తకం మూసేశాడు. దర్జీ పెళ్ళాం బయటికొచ్చి, లుంగీలో ఉన్న పెద్దమనిషిని చూసి, ఊపిరి వదిలి కూర్చోమందట. నేను ప్యాంటు మడత సరిచేసుకుంటూ ఎవరివైపూ చూడలేదు.

"రాసినాయన తప్పేం రాయలేదు," అంది అక్క చివరికి. "కానీ ఈ లుంగీవాడే నయం."

మర్నాడు బోర్డు మీద పాత కార్డు తీసి కొత్తది గుచ్చాను. అక్క చేతిరాతే: 'మర వెనక ఇల్లు. రెండువందల యాభై ఆరో పేజీ దాకా ఇక్కడ చదవండి. మిగతాది మీ ఇష్టం. పుస్తకంలో ఒకటుంది, కుట్టు దుకాణంలో ఒకటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు.'

మొదట వచ్చింది లెక్కల మాస్టారు. సరిగ్గా రెండుకి, సగం దించిన షట్టరు కింద వంగి, చేతిలో తెల్లచొక్కాతో లోపలికొచ్చారు.

"గుండీ ఊడిపోయిందమ్మా."

అక్క చొక్కా అందుకుని వెలుతురుకి పెట్టి చూసింది. "మాస్టారూ, ఇది ఊడలేదు. కత్తెరతో కోశారు."

"అయితే కుట్టండి," అన్నారాయన, గుమ్మంలో చతికిలబడి. "నాకేం తొందర లేదు. కుట్టేదాకా కూర్చుంటాను."