ఎడమకు గుంజే జీపు

లింగమూర్తి బతుకులో శ్రద్ధగా చేసిన పనులు రెండే. ఒకటి కల్లు తాగడం, రెండోది జీపు నడపడం. నలభై దగ్గర పడుతుండగా మొదటిది మానేశాడు. ఏ దేవుడికో మొక్కుకున్నాడని అతని ఊరు రాయదుర్గం అంతా అనుకుంది. దేవుడి ప్రమేయం ఇందులో బొత్తిగా లేదు. దుకాణంవాడు కల్లులో ఏదో తెల్లపొడి కలపడం మొదలుపెట్టాడు, తెల్లారి స్టీరింగు పట్టుకుంటే వేళ్లు వణికాయి. రెండింట్లో ఏదో ఒకటే దక్కుతుందని తేలాక కల్లును వదిలేశాడు. అతని భార్య కిష్టమ్మ మాత్రం రోజూ మూతి దగ్గర ముక్కు పెట్టి చూసేది. ఇన్నేళ్ల అనుభవం మీద ఆమెకు అంత నమ్మకం.

మానేసిన నెలకే అతనికి తాగుబోతని పేరొచ్చింది. తాగిన పదిహేనేళ్లలో ఒక్కరూ అనని మాట అది.

బావులూ బోర్లూ కొలిచే ఒక సర్కారు ఆఫీసులో అతను డ్రైవరు. తండ్రి గొర్లు కాశాడు, తాత కూడా గొర్లే కాశాడు. ఆ ఊళ్లో స్టీరింగు మీద చెయ్యి వేసిన మొదటివాడు లింగమూర్తి. పటేలు కొడుకుదింకా సైకిలే. అతనిది మామూలు జీపు కూడా కాదు. పక్కనున్న చిన్న కడ్డీ గుంజితే ముందు చక్రాలు సైతం బలం తీసుకుని, మేకలు ఎక్కే గుట్టలు ఎక్కేస్తుంది. సాయంత్రం ఊళ్లోంచి అది పోతుంటే అరుగుల మీది పెద్దమనుషులు కాళ్లు ముడుచుకునేవారు. కులాన్ని చూసి కాదు, చక్రాలను చూసి. లింగమూర్తికి జీతం కంటే ఆ ముడుచుకున్న కాళ్లే ఎక్కువ.

ఆఫీసరు విశ్వేశ్వరరావుది ఏలూరు వైపు. రాళ్ల చదువు చదివాడు. చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉండేది, ఎక్కడ రాయి కనిపించినా టకామని కొట్టి దాని వంశవృక్షం చెప్పేవాడు. నిజాయితీపరుడు. ఆ నిజాయితీతో ఆయనకు ఏ ఇబ్బందీ లేదు, బాధంతా చుట్టూ ఉన్నవాళ్లదే. భార్య పుణ్యవతిని సర్కారు జీపులో గుడికి కూడా ఎక్కనిచ్చేవాడు కాదు. చందానగర్ బజారులో ఆవిడ రిక్షాలో పోతుంటే, పక్కనుంచే ఆయన జీపులో దుమ్ము లేపుకుంటూ పోయిన రోజులున్నాయి.

ఆ బజారులోనే కథ అడ్డం తిరిగింది. జీపు ఉన్నట్టుండి ఎడమకు జరిగి, వేపచెట్టుకు మంగలి వేలాడదీసుకున్న అద్దాన్ని ముక్కలు చేసింది. సగం గడ్డం గీయించుకున్న మనిషి నురగతోనే లేచి పరుగెత్తాడు. విశ్వేశ్వరరావు అరవలేదు. డ్రైవరు మొహం దగ్గరికి వంగి వాసన చూశాడు. వాసన రాకపోయేసరికి, వాసన తెలియకుండా ఏదో నమిలాడని తీర్మానించాడు.

"తాగలే సార్. జీపే ఎడమదిక్కు గుంజుతున్నది," అన్నాడు లింగమూర్తి.

"జీపుకి ఎడమా కుడీ తెలుస్తాయటయ్యా?"

అయినా న్యాయం తప్పని మనిషి కాబట్టి జీపును మరమ్మతుకు పంపాడు. అక్కడ చక్రాల్లో గాలి నింపి, గ్రీజు పూసి, కొట్టి తుడిచి, జీపు పెళ్లికొడుకులా ఉందని చెప్పి పంపేశారు. ఇక అనుమానమే లేదన్నాడు విశ్వేశ్వరరావు. సోమవారం నుంచి కొత్త డ్రైవరు వస్తాడు, లింగమూర్తి జీడిమెట్లలో బోరు మిషను దగ్గర కాపలా ఉండాలి. తాళంచెవి ఆదివారం ఆఫీసరు ఇంటి దగ్గర అప్పగించాలి.

కాపలా అంటే చేతికి కర్ర ఇస్తారు. మళ్లీ గొర్లకాడికే వచ్చినట్టు, కాకపోతే గొర్లు ఉండవు.

మిగిలిన రోజుల్లో లింగమూర్తి తనకు తోచినవన్నీ చేశాడు. ముందర నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. నమ్మకం ఉండి కాదు, ఖర్చు లేదని. జీపు నిమ్మకాయతో సహా ఎడమకే పోయింది. ముందు చక్రాలు రెండింటినీ అటుదిటు, ఇటుదటు మార్చాడు. టైరుదే దోషమైతే గుంజుడు కుడికి మారాలి, మారలేదు. ఒకవైపు బ్రేకు పట్టేసి ఉంటే ఆ చక్రం నడుమ వేడెక్కాలి. బొంబాయి రోడ్డు మీద దూరం పోయొచ్చి చెయ్యి పెట్టి చూశాడు. రెండూ ఒకలాగే ఉన్నాయి.

ఆదివారం పొద్దున కిష్టమ్మ కూడా వెంట వచ్చింది. పుణ్యవతమ్మ కాళ్ల మీద పడదామని ఆమె ఆలోచన. పుణ్యవతి మాత్రం ఆమెను చూడగానే పోపు మాడుతోందంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. పోపు వాసన ఏమీ రావడం లేదని కిష్టమ్మ బయటికి వచ్చి మరీ చెప్పింది.

జీపు చుట్టూ తిరిగి ఆమె కాసేపు చూసింది.

"ఏందయ్యా, ముందటి చక్రం ఎనకకు గుంజుకున్నట్టు లేదూ? ఎడమది."

"నీ కండ్లు గుంజుకున్నయి," అన్నాడు గాని ఊరుకోలేకపోయాడు. పెరట్లోని చేదతాడు తెచ్చాడు. ఒక కొస కిష్టమ్మ చేతికిచ్చి వెనక చక్రం నడిబొడ్డున పట్టుకోమని, రెండో కొస ముందు చక్రం నడిబొడ్డుకు బిగలాగి అక్కడ ముడి వేశాడు. అది కుడివైపు. అదే తాడును ఎడమవైపు పట్టి చూస్తే రెండు వేళ్ల మందం వదులొచ్చింది. ఇంటికాడ ఇంకా పొయ్యి వెలిగించలేదు, జల్ది కానీ అని కిష్టమ్మ సణుగుతుంటే అతను జీపు కిందికి దూరాడు.

ముందు ఇరుసు ఇనప పట్టీల కట్ట మీద కూర్చుంటుంది. కట్ట నడుమ ఒక బోల్టు ఉంటుంది. ఇరుసు అటూ ఇటూ జరగకుండా ఆపేది అదే. ఎడమవైపు ఆ బోల్టు పుటుక్కున తెగి ఉంది. ఇరుసు కొద్దికొద్దిగా వెనక్కి జారింది. వెనక్కి జారిన వైపుకే జీపు పోతుంది, పోక ఏం చేస్తుంది?

కనిపెట్టిన సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. బోల్టు ఎప్పుడు తెగిందో అతనికి గుర్తొచ్చింది.

ఎండాకాలంలో విశ్వేశ్వరరావు రైల్లో వేరే జిల్లాకు క్యాంపు పోయినప్పుడు, బట్టలుతకడానికి మంచి బండ ఒకటి కావాలని పుణ్యవతి అడిగింది. రాయదుర్గం గుట్టల్లో వడ్డెరవాళ్లు చెక్కిచ్చారు. నలుగురు పట్టినా లేవలేదు. మొద్దుల మీదికి దొర్లించి, గొలుసుతో జీపుకు కట్టి, నాలుగు చక్రాలకూ బలం పెట్టి గుంజాడు. దిగుడులో ఎడమ చక్రం ఒక రాతిగుండును గుద్దింది. కింద టక్కుమంది. అమ్మగారు ఇచ్చే కాఫీ తలపులో ఉండి అతను పట్టించుకోలేదు.

జీపు కిందినుంచి లేచేసరికి పుణ్యవతి ఎదురుగా నిలబడి ఉంది. తెగిన బోల్టు ముక్క చూసింది, అతని మొహం చూసింది. గొంతు తగ్గించి, "ఆయనకి చెప్పకు లింగమూర్తీ. కాపలా ఉద్యోగం మాత్రం ఉద్యోగం కాదా?" అంది.

అతనికి ఎక్కడో మండింది. చెబితే సర్కారు జీపును సొంతానికి వాడినందుకు ఉద్యోగమే ఊడుతుంది. చెప్పకపోతే కర్ర. కానీ కల్లు మానినవాడు కల్లు పేరు మీద కర్ర పట్టుకోవడం కంటే, చేసిన పనికే పోవడం నయమనిపించింది. పెరట్లోకి నడిచాడు. విశ్వేశ్వరరావు బావి పక్కన కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. లింగమూర్తి బోల్టు ముక్కను అరచేతిలో చూపించి, తాడు కొలత సంగతీ, బరువు గుంజినప్పుడు బోల్టు తెగిన సంగతీ చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నాడు. తలూపాడు. నోట్లో నురగ ఉంచుకునే, అది అంత బరువు దేన్ని లాగి తెగిందని అడిగాడు.

"మీరు కూసున్న బండనే సార్."

ఆయన లేవలేదు. లేవకుండానే కిందికి చూసుకున్నాడు. గులాబి రంగు మచ్చల రాయి, రాయదుర్గంలో ఎటు చూసినా ఉండేదే. ఊరూరా రాళ్లకు పేర్లు పెట్టిన మనిషి ఎండాకాలం నుంచీ రోజూ పొద్దున దాని మీదే కూర్చుంటున్నాడు. ఉమ్మేసి, ఎవరు తెమ్మన్నారని అడిగాడు. లింగమూర్తి బోల్టు ముక్కను జేబులో వేసుకున్నాడు. కిష్టమ్మ ఊరుకోలేదు.

"ఇంకెవరు తెమ్మంటరు సారూ? మీ బట్టలు మీరు ఉతుక్కుంటున్నరా?"

అప్పుడు పుణ్యవతి గుమ్మంలోంచి బయటికి వచ్చింది. "నేనేనండీ. మూడేళ్లు పగిలిన గచ్చు మీద ఉతికి నడుం పడిపోయింది. ఇన్ని రాళ్ల పేర్లు చెప్పారు గాని, ఒక్క రాయి ఇంటికి తెచ్చారా?"

విశ్వేశ్వరరావు చెంబెడు నీళ్లు పుక్కిలించాడు, ఇంకో చెంబెడు కూడా. డ్రైవరు మీద రిపోర్టు రాస్తే ఆ బండ ఎవరింటికి చేరిందో కూడా రాయాలి. ఆయన సర్వీసులో అలాంటి ముక్క లేదు. ఉండకూడదు. ఆ లెక్క తేలేకొద్దీ ఆయన మొహంలో కోపం ఎండలో గుడ్డ ఆరినట్టు నెమ్మదిగా ఆరడం లింగమూర్తి చూశాడు.

"కొత్త బోల్టు వేయించు," అన్నాడాయన చివరికి. తాళంచెవి కోసం చెయ్యి చాచలేదు.

బండను వెనక్కి పంపించేయాలని మాత్రం పట్టుబట్టాడు. ఎడ్లబండివాడు వచ్చి, ఒకసారి కదిలించి చూసి, నవ్వి పోయాడు. బండ అక్కడే ఉంది. ఆయన మాత్రం నిలబడి పళ్లు తోముకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి లింగమూర్తి కొలువుకు వచ్చిన భద్రత పంచవర్ష ప్రణాళికల్లో దేనికీ రాలేదు. చందానగర్ బజారులో జీపు తిన్నగా పోతుంటే మంగలి మాత్రం అలవాటు కొద్దీ అద్దం తీసి గుండెలకు హత్తుకునేవాడు.

దసరా ముందు పుణ్యవతి మళ్లీ పిలిచింది. కాఫీ గ్లాసు చేతికిచ్చి, రాయదుర్గంలో రుబ్బురోళ్లు కూడా బాగా చెక్కుతారట కదా అంది.

లింగమూర్తి కాఫీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"బాగనే చెక్కుతరమ్మా. జర సారునడుగుండ్రి, ఏ గేరుల గుంజుకరమ్మంటరో."