గ్రే అంటే ఏ రంగు

కొత్త మానిటర్‌ను పెట్టెలోంచి తీసి బల్ల మీద నిలబెట్టి స్విచ్ వేయగానే నాకు మొదట వచ్చింది సంతోషం కాదు, కోపం. అంత వెలుగు ఎవరడిగారు? ముంబై పక్కన భివండిలో, నిజాంపురాలో ఉన్న మా ఇంటి మధ్యగదికి కిటికీ లేదు. పట్టపగలు ట్యూబ్‌లైట్ వేసుకుని బతుకుతున్నవాళ్లం. ఆ గదిలో అది పెళ్లి వీడియోవాడి లైటులా మొహం మీద కొట్టింది. కళ్లు మూసుకుని బటన్ల కోసం వెతికితే అవి వెనకాల, చేతికి అందని మూలలో ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టినవాడు జీవితంలో ఒక్కసారి కూడా మానిటర్ వాడి ఉండడు.

నా పని బట్టల తానుల మీద అంటించే లేబుళ్లు, చీరల డబ్బాల మీది బొమ్మలు గీయడం. పాత మానిటర్ ఎనిమిదేళ్లు నడిచింది. చివరి రెండేళ్లూ దానికి లోకమంతా గులాబీరంగే. నేను మనసులోనే కొంచెం ఎరుపు తీసేసి చూసుకునేదాన్ని. మొండిమనిషితో కాపురం చేసినట్టు అలవాటైపోయింది. కొత్తది పని కోసమే కొన్నానని అందరికీ చెప్పాను. అబద్ధం. బాపు ఫొటో కోసం కొన్నాను.

బాపు, అంటే మా నాన్న, పోయి పదకొండు నెలలైంది. వచ్చే నెల సంవత్సరీకం. ఆ రోజుకు గోడ మీద పెద్ద ఫొటో ఉండాలని అమ్మ పట్టు. ఆయన ఒంటరిగా ఉన్న మంచి ఫొటో ఒక్కటే ఉంది. రెండేళ్ల కింద ఆయన పనిచేసే కార్ఖానా మూతపడిన రోజు, సాంచాలు, అంటే మరమగ్గాలు, పాత ఇనుముకు పోయే ముందు, కార్ఖానా గుమ్మంలో నిలబెట్టి నేనే ఫోన్‌తో తీశాను. ముప్పై నాలుగేళ్లు సాంచాల మధ్య నిలబడ్డ మనిషి, ఆ రోజు తాను నేసిన చివరి బట్టలోంచి రెండు మీటర్ల ముక్క భుజం మీద వేసుకుని నవ్వీనవ్వకుండా చూస్తున్నాడు.

ఆ ఫొటోను స్టూడియోకిస్తే, వాళ్లు తెల్లగా చేసి, నున్నగా చేసి, ఫ్రేము కట్టి ఇచ్చారు. అమ్మ ఒక్క నిమిషం చూసింది.

"గీయన ఎవలు?" అంది.

"బాపే గదనే."

"మీ బాపు గిట్ల ఉంటడా? ఎవరో సేటు లెక్క ఉన్నడు. ఈనె ముంగట నేను దీపం పెట్ట."

ఫ్రేమును గోడ వైపు తిప్పి పెట్టేసింది. ఆమె ఊరికే అంటున్నది కాదు. పెట్టనంటే పెట్టదు. భర్త పోయిన ఏడాదికి ఆయన మొహం చూసి దండం పెట్టుకునే ఫొటో కూడా లేకుండా పోతుందని ఆమె దిగులు. ఆ దిగులు చూడలేక నాకు చిరాకు. అసలు ఫొటో ఫోన్‌లోనే ఉంది. దాన్ని నేనే సరైన రంగులో ప్రింటు తీయించాలి. గులాబీ మానిటర్‌తో అది అయ్యే పని కాదు.

బొమ్మ సరిచేసే ముందు మానిటర్‌ను సరిచేయాలి కదా. సెట్టింగుల్లోకి పోతే తెర మీద ఒక గ్రే రంగు చతురస్రం వచ్చింది. అందులో ఎరుపు గానీ నీలం గానీ పసుపు గానీ కలిసినట్టు కనపడకుండా సరిచేసుకొమ్మని కింద రాసి ఉంది. నాకెందుకో నా కళ్ల మీద నమ్మకం చాల్లేదు. రెండేళ్లు గులాబీ చూసిన కళ్లు. అమ్మను పిలిచాను.

"అమ్మా, ఈ గ్రే మంచిగుందా చూడు."

అమ్మ చీరకొంగుతో కళ్లజోడు తుడుచుకుని దగ్గరికొచ్చి చూసింది. "గ్రే గిట్లుంటదా? ఇది బూడిద. జర పసుపు కలుపు."

కలిపాను. "ఇంక జర" అంది. కలిపాను. "ఆఁ, ఇగ వచ్చింది. ఇది గ్రే."

చదువుకున్నదాన్ని, రంగులతో అన్నం తినేదాన్ని, అమ్మ చెప్పినట్టల్లా కలుపుతూ పోయాను. ఆ తర్వాత బాపు ఫొటో తెరిచాను. మొహం పచ్చగా, కళ్లు పచ్చగా, వెనకున్న గోడ కూడా పచ్చగా. కామెర్ల రోగికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. ఇక్కడ లోకానికే కామెర్లు పట్టించి కూర్చున్నాం ఇద్దరం.

అప్పుడు వెలిగింది నాకు. నవ్వు ఆగలేదు. భివండిలో గ్రే అంటే బూడిదరంగు కాదు. సాంచా మీద నుంచి దిగిన బట్ట, ఇంకా తెల్లబరచని, రంగు అద్దని పచ్చిబట్ట, దాని పేరు గ్రే. అది మజ్జిగలో చిటికెడు పసుపు పడ్డట్టుంటుంది. అమ్మకు తెలిసిన గ్రే అదొక్కటే. నాకు మాత్రం చిన్నప్పుడు ఇంకోటి తెలుసా? మరాఠీ బడిలో మూడో తరగతిలో డ్రాయింగు టీచరు ఏనుగుకు గ్రే రంగు వేయమంటే, నేను మా ఇంట్లో తెలిసిన గ్రే వేశాను. టీచరు నా పుస్తకం పైకెత్తి అందరికీ చూపించి "హత్తీలా కావీళ్ ఝాలీ కా?" అంది. ఏనుగుకు కామెర్లొచ్చాయా అని. క్లాసంతా ఒకటే నవ్వు. ఏడుస్తూ ఇంటికొస్తే బాపు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉంది గదా బిడ్డా. గ్రే అంటే గిదే. మీ టీచర్ ఎప్పుడన్న సాంచా చూసిందా?" అన్నాడు.

ఆ మాటతో నా ఏడుపు పోయింది. ఇప్పుడు తలుచుకుంటే అదే మాట నాకు ఏడుపు తెప్పించింది.

బాపు సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు ఒళ్లంతా దూదే. జుట్టులో, కనుబొమ్మల మీద, చెవుల అంచున, మీసంలో. అలాగే లోపలికొస్తే అన్నంలో పడుతుందని అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆయన గడప బయట తల వంచి నిలబడేవాడు, బడిపిల్లాడిలా. అమ్మ కొంగుతో తలంతా దులిపేది. గట్టిగానే దులిపేది, రెండు మొట్టికాయలు కూడా కలిసేవేమో. "ఇగ రా" అన్న తర్వాతే ఆయన లోపలికొచ్చేవాడు. ముప్పై నాలుగేళ్లలో ఒక్కరోజూ తప్పలేదు. వాళ్లిద్దరూ మా ముందు ఒకరినొకరు తాకింది అప్పుడే. మేం దాన్ని గొడవ అనుకునేవాళ్లం.

"ఏడుస్తవెందుకు? గా బట్ట ఉంది గదా," అంది అమ్మ. పెట్టె తెరిచి, ఫొటోలో బాపు భుజం మీదున్న ముక్కను తీసింది. మడతల్లో వేపాకు పెట్టి ఇన్నాళ్లూ దాచింది. "దీన్ని పక్కకు పెట్టి చూడు. రంగు ఇదే రావాలె."

ఏ కంపెనీవాడూ ఇంత మంచి ఉపాయం చెప్పలేదు. బట్ట విప్పి తెర పక్కన పట్టుకున్నాను.

"ఈడ కాదు. తలుపు కాడికి తే."

"ఏంది, మానిటర్‌నా?"

"లైట్ల కింద బట్ట చూస్తడా ఎవడన్న? మీ బాపు ఎప్పుడన్న చూసిండా?"

నిజమే. దారం రంగైనా, తాను మరకైనా, బాపు గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుతురులో చూసేవాడు. ట్యూబ్‌లైట్ అబద్ధం చెప్తుందనేవాడు. వాదించి లాభం లేదు. బియ్యం డబ్బా పక్కనున్న స్టూలు గుమ్మంలో వేసి, ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, మానిటర్‌ను, మౌస్‌ను వైర్లతో సహా ఎత్తుకొచ్చి పెట్టాను. శుక్రవారం, వారపు సెలవు, సాంచాలు బంద్. గల్లీ అంతా చప్పుడు లేకుండా వింతగా ఉంది. దారిన పోయేవాళ్లు మేమేదో అమ్మకానికి పెట్టామనుకున్నారు. ఒకావిడ ధర కూడా అడిగింది.

సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాను. అమ్మ స్టూలు పక్కనే కూర్చుని బట్టను తెర అంచుకు ఆనించి పట్టుకుంది. ఫొటోలోని బట్ట తెల్లగా సున్నంలా వెలిగిపోతోంది. బ్రైట్‌నెస్ తగ్గించాను. కాంట్రాస్ట్ తగ్గించాను. నీలం కొద్దిగా తీశాను. ఒక్కో మెట్టు దిగుతుంటే తెరలోని బట్ట చేతిలోని బట్ట దగ్గరికి నడిచొస్తున్నట్టే ఉంది. పోగులు కనపడ్డాయి. బాపు మొహం నల్లబడి, మా బాపు మొహమైంది. ఎండలో తిరగకపోయినా చామనఛాయ మనిషి, ఆ ఛాయే వచ్చింది.

ఇంకొక్క మెట్టు దించాను. అప్పటిదాకా వెలుగులో కలిసిపోయినవేవో జుట్టులో తెల్లతెల్లగా తేలాయి. కనుబొమ్మల మీద, చెవి అంచున, మీసంలో. ఫొటోలో దుమ్మేమో, ప్రింటుకు ముందు తుడిచేయాలి అనుకుని మౌస్ పట్టుకున్నాను.

దుమ్ము కాదు. దూది.

స్టూడియోవాళ్లు తుడిచేసింది అదేనని అప్పుడర్థమైంది. అమ్మకు రంగుతో పేచీ కాదు. తనకే పేరు తెలియని లోటేదో ఆ ఫ్రేములో ఉంది, అదే ఆమెకు తగిలింది.

పక్కకు చూశాను. బట్ట అమ్మ చేతిలోంచి జారి ఒళ్లో పడింది. ఆమె కొంగు చేతికి చుట్టుకుని, ముందుకు వంగి, తెర మీద ఆయన జుట్టును దులిపింది. ఒకసారి. మళ్లీ ఇంకోసారి, కొంచెం గట్టిగా. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు, కొంచెం తల వంచి.

"పోతలేదు బిడ్డా," అంది.

నేను మౌస్ వదిలేశాను.

అమ్మ కొంగు విప్పి కళ్లు తుడుచుకుంది. ఆయనకేసి చూసి, ఎప్పుడూ అనే మాటే అంది, కొంచెం మార్చి.

"పోనీ తియ్యి. ఇయ్యాల గట్లనే లోపటికి రా."

నేను మానిటర్‌ను ఎత్తుకున్నాను. అమ్మ వైరు కాళ్లకు తట్టుకోకుండా పట్టుకుని నా వెనకే లోపలికొచ్చింది.