చిక్కమునియప్ప అడగని మాట

వర్తూరులో కారు చెడిపోతే చిక్కమునియప్ప దగ్గరికి వెళ్లమని అందరూ చెబుతారు. అతనితో మాట్లాడవద్దని కూడా చెబుతారు. బండికి ఏమైందో మీరు చెప్పడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టి, "సుమ్మనుండప్పా, మాట్లాడొద్దు, నేను బండినే అడుగుతా" అంటాడు. మీరు ఎంత చదివినవారైనా, ఎంత పెద్ద కంపెనీలో ఉన్నా అంతే. తాళంచెవి ఇచ్చేసి అక్కడున్న ఇనుప కుర్చీలో కూర్చోవాలి.

అతని షెడ్డు పక్కనే నా స్పేర్ పార్టుల అంగడి. నా పేరు హేమలత. పదహారేళ్లుగా ఆ మనిషిని చూస్తున్నాను, పదహారేళ్లుగా పోట్లాడుతున్నాను. మాలూరు దగ్గర పల్లెటూరు వాడు. చిన్నతనంలోనే హొసకోటెలో లారీల మేస్త్రీ దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. ఆ సుత్తి మోతకే ఎడమ చెవి పోయింది. కుడి చెవి మాత్రం ఇద్దరి పని చేస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. అప్పుడు దేవుడు వచ్చి పిలిచినా పలకడు. నేను పిలిస్తే అసలే పలకడు.

ఆ మేస్త్రీ నేర్పిన పద్ధతి ఇంకొకటి ఉంది. బండి బాగైందో లేదో తెలియాలంటే భారం వేసి చూడాలి. అందుకే ఏ కారు బాగు చేసినా, రోడ్డు మీదికి తీసేముందు ఏసీ ఫుల్లుగా పెడతాడు. "ఏసీ వేస్తే ఇంజిన్‌కి బరువు. బరువులో నిలిచిన బండి ఉత్తప్పుడు నిలవదా?" అంటాడు. న్యాయమైన మాటే. నేనూ నా అంగడికి వచ్చే వాళ్లందరికీ అదే చెప్పేదాన్ని.

అలాంటి మనిషికి పోయిన ఏడాది ఒక పాత చిన్న కారు మూడు చెరువుల నీళ్లు తాగించింది.

ఆ కారు వెంకటగిరియప్పది. పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మెషిన్ మీద పనిచేసి, రిటైరయ్యాక వర్తూరులో ఇల్లు కట్టుకున్న మనిషి. మాట తక్కువ. కారు షెడ్డు ముందు ఆపి దిగి, "బండి కాగుతా ఉండాదప్పా. సోమవారం ఒకతూరి, గురువారం ఒకతూరి" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. "మిగతా రోజుల్లో ఉపవాసమా అన్నా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మిగిలిన దినాల్లో బాగానే ఉంటాదమ్మా. మా ఇంటామెకి..." అని ఏదో మొదలుపెట్టాడు. చిక్కమునియప్ప చెయ్యి లేచింది. ఆయన మాట మింగేసి ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. నేనూ అడగలేదు. నాకు ఆ పూట ఇద్దరు బ్రేక్ ప్యాడ్ల కోసం నిలబడి ఉన్నారు.

రేడియేటర్‌లోంచి ఎర్రటి మడ్డి నీళ్లు వచ్చాయి. ట్యాంకర్ నీళ్లు పోసి ఉంటారని చిక్కమునియప్ప నాలుగు తిట్లు తిట్టి, లోపలంతా కడిగించి, కొత్త కూలెంట్ పోశాడు. ఏసీ పెట్టుకుని గుంజూరు దాకా రెండుసార్లు తిప్పి తెచ్చాడు. వేడి చూపించే మీటరు ముల్లు సగం దాటలేదు. "అయిపాయ" అన్నాడు.

గురువారం సాయంత్రం వెంకటగిరియప్ప మళ్లీ వచ్చాడు. కాగిందట.

ఈసారి వాల్వ్ మార్చాడు. ఇంజిన్ వేడెక్కాక నీళ్లకు దారి తెరిచేది అదే. మళ్లీ గుంజూరు, మళ్లీ ఏసీ, ముల్లు మళ్లీ సగంలోనే. సోమవారం మళ్లీ కాగింది. నీళ్ల పంపు మార్చాడు. రేడియేటర్ మూత మార్చాడు. పైపులు పిసికి చూశాడు. బానెట్టు ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ఏసీ వేసి, అరగంట సేపు ఫ్యాను ముందు చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. ఆయిల్ తెల్లబడిందేమోనని గేజు బయటికి లాగి చూశాడు. నీళ్లలో బుడగలు వస్తున్నాయేమోనని రేడియేటర్‌లోకి తొంగి చూశాడు. ఏమీ లేదు. షెడ్డులో ఆ కారంత బుద్ధిమంతురాలు ఇంకోటి లేదు.

ప్రతి పార్టూ నా అంగడిలోంచే వెళ్లింది. వెంకటగిరియప్ప ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అదే నాకు కష్టంగా ఉండేది. అరిచే మనిషి మీద తిరిగి అరవగలను. ఆయన వచ్చి, "మళ్లీ కాగిందప్పా" అని మెల్లగా చెప్పి కూర్చుంటే నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు.

నాలుగో వారానికి చిక్కమునియప్ప అన్నం సరిగా తినడం మానేశాడు. డబ్బా మూత తీసేవాడు, కారు వైపు చూసేవాడు, మూత పెట్టేసేవాడు. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టమని సలహా ఇచ్చిన టీ అంగడివాడిని కొట్టినంత పని చేశాడు. మర్నాడు చూస్తే బంపర్‌కి నిమ్మకాయ కట్టి ఉంది. ఎవరు కట్టారని నేను అడగలేదు.

ఆ బుధవారం నా గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని, "నాకేమీ తెల్లేదు హేమక్కా" అన్నాడు. పదహారేళ్లలో ఆ మాట వినడం అదే మొదలు. "ఇన్నేండ్లూ బండి చెప్తాది, నేను వింటా అనుకొన్నా. ఈ బండి నాకాడ ఒకటి చెప్తాది, ఆయప్పకాడ ఇంకొకటి చెప్తాది. ఇంక హెడ్డు దించి చూసేదే."

హెడ్డు దించడమంటే ఇంజిన్ పైభాగమంతా విప్పడం. పది రోజులు కారు కదలదు. ఆ సంగతి చెబితే వెంకటగిరియప్ప ముఖం పాలిపోయింది. "పది దినాలు అయ్యేలేదప్పా, కుదరదు" అని మాత్రం అన్నాడు. ఎందుకో చెప్పలేదు. మేము అడగలేదు.

మర్నాడు గురువారం. మధ్యాహ్నం ఒకటిన్నరకు చిక్కమునియప్ప ఫోను మోగింది. మారతహళ్లి వంతెన దాటాక కారు ఆగిపోయింది, పొగలు వస్తున్నాయని వెంకటగిరియప్ప. "నువ్వు స్వల్ప రాప్పా, కొంచెం వచ్చిపో" అన్నాడు. ఎప్పుడూ అలా పిలిచిన మనిషి కాదు. అంగడి షట్టరు సగం దించి, నీళ్ల క్యాను ఒళ్లో పెట్టుకుని నేను కూడా అతని స్కూటర్ ఎక్కాను.

వెళ్లి చూస్తే కారు పక్కన ఫుట్‌పాత్ అంచు మీద ఒకామె కూర్చుని ఉంది. ఎర్రటి ఎండలో ఉన్ని శాలువా కప్పుకుని, చెవుల మీదుగా ఇంకో తువ్వాలు చుట్టుకుని, పళ్లు కొరుక్కుంటూ వణుకుతోంది. మోచేతి దగ్గర తెల్లటి కట్టు. వెంకటగిరియప్ప భార్య సుంకమ్మ.

"అక్కా, ఏమైంది నీకు?" అన్నాను.

"ఏం కాలేదమ్మా. వారానికి రెండుసార్లు రక్తం కడిగే మిషన్‌కి వేస్తారు నన్ను. సోమవారం, గురువారం. ఆరు నెలలుగా. మిషన్ దిగినాక చలి పట్టుకొంటాది, పొద్దు గుంకేదాకా పోదు."

చిక్కమునియప్ప చేతిలో బానెట్టు కడ్డీ అలాగే ఉండిపోయింది. సోమవారం, గురువారం. నేను నవ్వులాటగా తీసుకున్న రోజులు.

"ఆటోలో పోతే గాలికి తట్టుకోలేదు. ఫోన్లో పిలిస్తే వచ్చే కార్లవాళ్లు ఈమె వాంతి చేసుకొంటే సగం దారిలో దింపేస్తారు. అందుకే ఈ బండి. మిగిలిన దినాల్లో పక్క వీధికి తప్ప దీన్ని బయటికి తీసేదే లేదు" అన్నాడు వెంకటగిరియప్ప.

ఇంజిన్ చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో సుంకమ్మ ఒక్కటే మాట అంది. "వచ్చే సోమవారం నుంచి నేను రాను. రోడ్డు పక్కన ఇట్ల కూర్చుంటే పోయేవాళ్లంతా వింతగా చూస్తారు. ఈయన ఎండలో నిలబడి బండిని చూస్తాడు. సాలు ఇంక."

"మిషన్‌కి పోకపోతే ఎట్లే?" అన్నాడు వెంకటగిరియప్ప.

"ఎట్లుంటే అట్లుంటాది." ఆమె కోపంగా అనలేదు. అలసిపోయి అంది. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. నాకు భయం వేసింది.

నీళ్లు పోశాక, స్కూటర్‌కి తాళం వేసి అక్కడే వదిలి, చిక్కమునియప్పే స్టీరింగ్ పట్టుకున్నాడు. వెంకటగిరియప్పను పక్కన, మమ్మల్ని వెనక కూర్చోబెట్టాడు. తాళం తిప్పి, అలవాటు కొద్దీ ఏసీ నొక్కాడు.

"అది ఆపప్పా, నీకు పుణ్యముంటాది" అంది సుంకమ్మ. "మా బండిలో అది వేసేదే లేదు."

చిక్కమునియప్ప వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. తర్వాత వెంకటగిరియప్పను చూశాడు. ఏసీ ఆపేశాడు. అద్దాలన్నీ పైకి లేపాడు. లోపల ఉడికిపోతున్నా, సుంకమ్మ శాలువా ఇంకా దగ్గరికి లాక్కుంది.

వర్తూరు రోడ్డు మీద ట్రాఫిక్ ఎప్పటిలాగే నిలిచిపోయి ఉంది. పది నిమిషాల్లో ముల్లు సగం దాటింది. ఇంకాస్త పైకి పోయింది. చిక్కమునియప్ప నుదురు ముడిపడింది. ఏసీ వేస్తే ఇంజిన్‌కి బరువని ముప్పై ఏళ్లుగా లోకానికంతా చెప్పిన మనిషి, ఏసీ లేకుండా కాగుతున్న బండిలో కూర్చున్నాడు.

"అక్కా, ఒక్క నిమిషం ఓర్చుకో" అని ఏసీ వేశాడు. బానెట్టు కిందనుంచి గుయ్యిమని శబ్దం. ముల్లు మెల్లగా దిగింది. ఏసీ ఆపాడు. శబ్దం ఆగింది. ముల్లు ఎక్కసాగింది.

"ఏందప్పా ఇది? తలకాయ తిరుగుతా ఉండాది నాకు" అన్నాడు పైకే. రెండోసారి మళ్లీ అలాగే చేసి చూశాడు. ఉన్నట్టుండి కారు పక్కకు తీసి, ఇంజిన్ ఆపకుండా దిగి, బానెట్టు ఎత్తాడు. నేనూ దిగాను. ఇంజిన్ సలసలా కాగుతోంది, ఫ్యాను మాత్రం కదలకుండా ఉంది.

రేడియేటర్ కింద బొటనవేలంత స్విచ్ ఒకటి ఉంటుంది. నీళ్లు కాగగానే ఫ్యానును తిప్పాల్సింది అదే. ఏసీ వేస్తే ఆ స్విచ్‌తో పని లేకుండానే ఫ్యాను తిరుగుతుంది. చిక్కమునియప్ప స్విచ్‌కున్న ప్లగ్గు ఊడపీకి, "హేమక్కా, తంతి ముక్క ఏమన్నా ఉందా?" అన్నాడు. నా గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. దాన్ని సాగదీసి ప్లగ్గులోని రెండు రంధ్రాలనూ కలిపాడు. ఫ్యాను గుయ్యిమంది.

అతను లేవలేదు. అలాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెంకటగిరియప్ప పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"స్విచ్ పోయి ఉండాది. అంతే. నేను ఏసీ వేసి తిప్పినా కాబట్టి నాకాడ కాగలేదు" అన్నాడు చిక్కమునియప్ప. "బండిలో పేషెంటు ఉండాదని, ఏసీ వేసేదే లేదని ఒక్క మాట యాల చెప్పలేదప్పా నాకు?"

"చెప్పబోయినాను. నువ్వు సుమ్మనుండమంటివి కదప్పా."

చిక్కమునియప్ప పిన్నీసు ఊడకుండా ఇంకోసారి నొక్కి, లేచి బానెట్టు దించాడు. ఆ రోజు ఆయన మాట మీద ఎటకారం చేసింది నేను. ఆ పిన్నీసుతోనే, ఏసీ లేకుండా, అద్దాలు మూసుకుని ఇల్లు చేరాం. వర్తూరు వచ్చేసరికి సుంకమ్మ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ సాయంత్రమే చిక్కమునియప్ప బిగించిన కొత్త స్విచ్ నా అంగడిలోనే, రెండో అరలో దొరికింది. నెల రోజులూ అక్కడే ఉంది.

సోమవారం మధ్యాహ్నం చిక్కమునియప్ప డబ్బా తెరవలేదు. రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. వాళ్లు ఆస్పత్రికి వెళ్లారో లేదో మాకు తెలియదు. ఫోను చేసి అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. రెండు దాటాక ఆ చిన్న కారు అద్దాలు మూసుకుని, బస్సు వెనక మెల్లగా వచ్చి షెడ్డు ముందు ఆగింది. అతను వంగి, కుడి చెవి బానెట్టుకు ఆనించాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది.

తర్వాత వెనక అద్దం దగ్గరికి వెళ్లి వేళ్లతో తట్టాడు. సుంకమ్మ రెండు వేళ్ల మందం దించింది.

"చలేస్తా ఉండాదా అక్కా?" అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, వినడానికి ఆ మంచి చెవి అద్దం దగ్గర పెట్టాడు.

"ఉండాదప్పా" అంది సుంకమ్మ. "అద్దం ఎత్తేస్తా. గురువారం మళ్లా ఇదే పొద్దుకి వస్తాం."