యాదన్న గన్ను గొంతు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ రాయడం మొదలుపెడితే నా చెయ్యి నొస్తుంది, మీకు విసుగొస్తుంది. కాబట్టి వాటిలో మహా ఘనమైనది ఒకటి ఏరి మీ ముందు పెడుతున్నాను. ఇందులో ఒక నిండు ప్రాణం పోతుంది. కంగారు పడకండి, పోయింది మెషీను ప్రాణమే. పరువు మాత్రం మనిషిది, అదీ నాదే.

తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు మాట. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. రోజూ అన్నోజిగూడలో బస్సెక్కి ఉప్పల్ వచ్చి, యాదన్న టైర్ల షాపులో పని చేసేవాణ్ణి. యాదన్న అంటే యాదగిరి, నా ఉస్తాద్. తాతల నాటి నుంచీ వాళ్లది ఉప్పలే. వాళ్ల నాయన జొన్న వేసిన చోటే ఈయన షాపు వేశాడు. ముందు షాపు, వెనక ఇల్లు, రెండింటి మధ్యా గోడకు ఒక కిటికీ. నా కొంప ముంచింది ఆ కిటికీయే.

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో దానికే తెలిసేది కాదు. కరెంటు పోతే కంప్రెసర్ ఆగేది, కంప్రెసర్ ఆగితే గాలి గన్ను పడుకునేది. పక్క షాపుల వాళ్లు చేత్తో పానాలు తిప్పలేక చెమటలు కక్కుతుంటే యాదన్న మాత్రం దర్జాగా బ్యాటరీ గన్ను బయటికి తీసేవాడు. మీరు దాన్ని కార్డ్‌లెస్ ఇంపాక్ట్ రెంచ్ అంటారేమో. మాకు గన్నే. బోల్టుకు ఆనించి ట్రిగ్గరు నొక్కితే లోపలున్న హ్యామర్ టకటకా కొట్టి, బిగుసుకుపోయిన బోల్టును తిప్పేస్తుంది.

యాదన్న గన్ను "టర్ర్ర్... టకటకటక... గర్ర్ర్" అనేది. రోడ్డవతల చాయ్ తాగేవాళ్లు కూడా తలతిప్పి చూసేవాళ్లు. బోల్టు వెంటనే విప్పేది కాదు, కాసేపు మొత్తుకుని, యాదన్న రెండోసారి ఒత్తి పట్టుకున్నాక విప్పేది. పెద్ద మెషీన్లకు ఆ మాత్రం బెట్టు ఉంటుందిలే అనుకునేవాణ్ణి. నాకు ఆ గొంతంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

అలాంటి రోజుల్లో యాదన్నకు కంటి వెనక పొర ఊడింది. దవాఖానాలో ఆపరేషన్ చేసి, పది రోజులు బోర్లా పడుకోమన్నారు.

"తల లేపొద్దంట నర్సిగా," అన్నాడు దిగులుగా. "షాపు నీ మీద ఇడిసిపెడుతున్న. మంచిగ నడిపిచ్చినవనుకో, బోడుప్పల్‌ల తెరిసే కొత్త షాపు నీ చేతిలనే పెడ్త."

"నువ్వు ఫికర్ జెయ్యకన్నా."

"ఒక్కటే మాట. నాకు అబద్ధాలు జెప్పేటోడు వద్దు."

నాకంటే ముందు పనిచేసినవాడు ఒక జాకీ పోగొట్టి, అసలు పోలేదని బుకాయించాడు. యాదన్న వాణ్ణి పంపించేశాడు. బుకాయించినందుకు పంపించాడని ఊరంతటికీ తెలుసు. జాకీ పోగొట్టినందుకు పంపించాడని నేనొక్కణ్ణే అర్థం చేసుకున్నాను.

రెండు రోజులు షాపును రాజ్యంలా ఏలాను. మూడో రోజు పొద్దున కరెంటు లేని వేళ ఆడపిల్లల కాలేజీ బస్సు ఒకటి ట్రాఫిక్‌లో చిక్కుకుని సరిగ్గా మా ముందు ఆగింది. నా చేతిలో గన్ను ఉంది. ఇరవై మూడేళ్లున్నాయి. సినిమాల్లో పిస్తోలు తిప్పినట్టు దాన్ని వేలి మీద ఒక్క తిప్పు తిప్పాను. ఒక తిప్పు బాగానే తిరిగింది. రెండో తిప్పుకు వేలు నాది, గన్ను గాలిది. వెళ్లి వెళ్లి పంచర్లు చూసే నీళ్ల తొట్టిలో పడింది.

ట్యూబులోంచి బుడగలొస్తే పంచరు దొరికిందని సంతోషిస్తాం. గన్నులోంచి బుడగలొస్తే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. తీసి తుడిచాను, ఎండబెట్టాను, దండం పెట్టాను. ట్రిగ్గరు నొక్కితే ఒక్క మూలుగు మూలిగి శాశ్వతంగా ఊరుకుంది. బస్సులో అమ్మాయిలు చప్పట్లు కొట్టారు.

అంతలో ఒక జీపు వచ్చి ఆగింది. గోడ కిటికీలోంచి యాదన్న మాట వచ్చింది.

"ఏంరా నర్సిగా, బండి వచ్చినట్టుంది. గన్ను సప్పుడు రాలే?"

బోడుప్పల్ షాపు నా కళ్ల ముందే షట్టరు దించుకుంది. అప్పుడు నా బుర్రకు తట్టిన ఉపాయం మీరెవరూ పిల్లలకు చెప్పకండి. పానా బోల్టుకు తగిలించి, నోరు కిటికీ వైపు తిప్పి, "టర్ర్ర్... టకటకటక... గర్ర్ర్" అన్నాను.

జీపాయన రెండడుగులు వెనక్కు వేశాడు. "ఏమైంది తమ్మీ? పానం మంచిగ లేదా?"

"సుప్! నీ బండి పనే," అన్నాను గుసగుసగా.

లోపల నుంచి ఏమీ వినిపించలేదు. గెలిచాననుకున్నాను. ఒక చక్రానికి అయిదు బోల్టులు, విప్పడానికి ఒకసారి, బిగించడానికి ఒకసారి. మర్నాడు మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోయింది. యాదన్న భార్య లక్ష్మొదినె అల్లం దంచి వేసిన చాయ్ తెచ్చి, నా మొహంకేసి చూడకుండా చేతికిచ్చింది. "తాగు. గొంతుకు మంచిది," అంది. ఎంత చల్లని తల్లి అనుకున్నాను.

ఇలా అయితే గొంతు దక్కదని, ట్యూబులు తెస్తానని చెప్పి అయిదో రోజు నాచారం బయల్దేరాను. పాత బైకు కొనుక్కుందామని దాచుకున్న ఏడు వేలు జేబులో ఉన్నాయి. ఆ డబ్బుకు కొత్త గన్ను రాదు. ఇండస్ట్రియల్ ఏరియాలో, మూతపడ్డ కంపెనీల సామాను బాగుచేసి అమ్మే ఖలీల్ భాయ్ దగ్గరికి వెళ్లాను.

"ఎట్లాంటిది కావాలె భాయ్? కార్లకా, లారీలకా? ఎంత తాకత్ ఉండాలె?"

"తాకత్ సంగతి తర్వాత. గొంతు ఎట్లుంటది?"

"గొంతా?" అన్నాడు ఖలీల్ భాయ్.

నోటితో చేసి చూపించాను. ఆయనకు అర్థం కాలేదు. ఇంకోసారి చేశాను. పక్క షాపులో లేతు మెషీను ఆపేసి ఇద్దరు వచ్చి నిలబడ్డారు. చాయ్ తెచ్చినాయన కెటిల్ కింద పెట్టి మరీ విన్నాడు.

ఖలీల్ భాయ్ ఒక గన్ను తీసి, తుప్పుపట్టిన బోల్టుకు పెట్టి నొక్కాడు. "జుయ్" మంది. బోల్టు ఊడి చేతిలో పడింది. "మక్కన్ లెక్క నడుస్తది. రెండు బ్యాటరీలు ఇస్త. ఆర్నెల్లు జిమ్మేదారి నాది. ఆరు వేలు."

"దీనికి గొంతే లేదు."

రెండోది తీశాడు. అదీ ఒక్క నొక్కుకే విప్పింది. "ఇది సన్నగున్నది," అన్నాను. మూడోది కూడా అంతే, కూని రాగం తీసినట్టుంది. ఆయన ఓపికకు దండం పెట్టాలి. చివరికి నా కన్ను మూలనున్న తుక్కు డబ్బా మీద పడింది. అందులో ఒక గన్ను ఉంది.

"దాన్ని జర నొక్కుండ్రి."

"అది బీమార్ భాయ్. లోపల మొత్తం అరిగింది. తుక్కులకు పోయేది."

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. మంచి సరుకు ఇంకెవరికోసమో దాచుకుని, నాకు మిగతావి అంటగడుతున్నాడు! మనం అన్నోజిగూడ నుంచి వచ్చామని లోకువ!

"మీరు నొక్కుండ్రి ముందు," అన్నాను గట్టిగా.

బ్యాటరీ తగిలించి నొక్కాడు. "టర్ర్ర్... టకటకటక... గర్ర్ర్!" నా కళ్లలో నీళ్లు తిరిగాయి. యాదన్న గన్ను మళ్లీ పుట్టింది.

"ఇదే కావాలె. నాలుగు వేలిస్త."

"అరే భాయ్, ఇది బోల్టు ఇప్పదు!"

"అయిదు."

ఖలీల్ భాయ్ చుట్టూ ఉన్నవాళ్ల వంక చూశాడు. "నేను వద్దన్న. మీరంత విన్నరు గదా?" అని అందరి చేతా అవుననిపించుకుని డబ్బు తీసుకున్నాడు. అంత నిజాయితీగా మోసపోయినవాడు నాచారంలో నాకు ముందు ఎవరూ ఉండరు.

షాపుకు వచ్చి కిటికీ కింద నిలబడి ట్రిగ్గరు నొక్కాను. లోపల ఎవరో ఉక్కిరిబిక్కిరైనట్టు చప్పుడైంది. "మీ అన్నకు పొలమారింది," అంది లక్ష్మొదినె. నిజంగానే ఆ గన్ను ఒక్క బోల్టు విప్పలేదు. మరేం ఫరవాలేదు. మిగిలిన రోజులు కరెంటు పోయినప్పుడల్లా ఎడమ చేత్తో గన్ను మోగించాను, కుడి చేత్తో పానా తిప్పాను. రాత్రి ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటుంటే అరచేతి బొబ్బలు మండేవి. అయినా బోడుప్పల్ షాపు తల్చుకుంటే మంట తగ్గేది.

పదో రోజు గడిచింది. యాదన్న నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని మెల్లగా షాపులోకి వచ్చాడు. ఒక వ్యాను జాకీ మీద ఉంది.

"గన్నియ్యి," అన్నాడు.

ఇచ్చాను. బోల్టుకు పెట్టి నొక్కాడు. వీధంతా దద్దరిల్లింది, బోల్టు మాత్రం కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు, అంతే. గన్ను కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"ఎంతకు కొన్నవ్?"

ఇంక దాచి లాభం లేదు. బస్సు, తొట్టి, నాచారం, అయిదు వేలు, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. "నీకెప్పుడు తెలిసిందన్నా?"

"మొదటి దినమే. గన్ను నడుమ నడుమ ఊపిరి తీస్కుంటదారా? రెండో చక్రంకాడ దగ్గింది గూడ. డాక్టరేమో నవ్వితే కన్ను ఖరాబైతదన్నడు. దిండు నోట్ల కుక్కుకున్న."

"ఒకటి కాదు, రెండు దిండ్లు కొరికిండు," అంది లక్ష్మొదినె గుమ్మంలోంచి.

"మరి అప్పుడే ఎందుకు తిట్టలేదన్నా?"

యాదన్న నవ్వలేదు. "ఇయ్యాల జెప్తవు, రేపు జెప్తవు అని సూసిన."

ఆ మాటకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"గని నాకొకటి సమజైతలేదు," అన్నాడు టైరు మీద కూర్చుంటూ. "నాచారంల మంచి గన్నులే లేకుండెనా?"

"మూడు జూపిచ్చిండన్నా. ఒక్క నొక్కుకే ఇప్పినయి. గని నీ గన్ను లెక్క మోగలే."

యాదన్న నల్ల కళ్లద్దాలు తీసి, డాక్టరు వద్దన్న కంటితోనే నన్ను చూశాడు. "అరే నర్సిగా, అది దాని గొంతు గాదురా, రోగం! కొన్ననాడు అది గూడ జుయ్యనే అన్నది. హ్యామర్ అరిగి ఏడాది సంది గట్ల మొత్తుకుంటున్నది. కన్ను బాగైనంక దాన్ని పారేసి కొత్తది కొందామనుకున్న."

అంటే నాచారం దాకా వెళ్లి, మంచివన్నీ కాదని, నేను వెతికి కొనుక్కొచ్చింది ఒక జబ్బును.

"అయితే బోడుప్పల్ షాపు..." అన్నాను. 

ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. నా కుడి చెయ్యి పట్టుకుని, అరచేతిలో పానా కాయలు కాసిన చోట వేలితో తడిమాడు. "అబద్ధమైతే జెప్పినవ్. గని పది దినాలల్ల ఒక్క బండిని వాపస్ పోనియ్యలే. షాపు నీకే. గని ఒక షరతు."

"ఏందన్నా?"

"సామాను మొత్తం నేనే కొంట. నువ్వు నాచారం దిక్కు జూడొద్దు."

కొన్నేళ్లకు రోడ్డు వెడల్పులో యాదన్న షాపూ ఆ కిటికీ పోయాయి. ఆయన చెంగిచెర్లలో ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు నా షాపులో మూడు గన్నులున్నాయి, మూడూ జుయ్ మంటాయి, మూడూ ఆయన కొనిచ్చినవే. బోల్టులు వెన్నలా విప్పుతాయి. నాకు మాత్రం అవేవీ నచ్చవు. గోడవతల ఒక మనిషి బోర్లా పడుకుని నా పని చప్పుడు వింటున్నాడన్న భయం, ఆ భయంలోనే ఉన్న భరోసా, ఆ రోజుల్లోనే ఉండిపోయాయి. తల్చుకుంటే బెంగగా ఉంటుంది.

కాబట్టి మహాజనులారా, పానాల పెట్టె మీద కుడి చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పనిచేసే మెషీను చేతికిస్తుంటే పనిచెయ్యని మెషీను కోసం ఇకమీద ఎవరినీ బతిమాలను. ఎంత పెద్ద ఆపద వచ్చినా, ఎంత చిన్న బోల్టైనా సరే, నోటితో మాత్రం విప్పను.