నెమరు ముద్ద

నా చిన్నప్పుడు మేము పరాయి దేశంలో, వాటర్లూ అనే ఊరి దగ్గర ఒక పాడి ఫారంలో, యజమాని ఇచ్చిన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మన దేశంలో పశువుల డాక్టరుగా చేసిన మా నాన్న ఇక్కడ లైసెన్సు లేక పేడ ఎత్తేవాడు. యజమానికి మేమంటే గిట్టేది కాదు. నాకు అతనంటే అసహ్యం. మనవలు పుట్టాక కూడా ఆ మాట దాచుకోను.

ఒక చలికాలం అతను ఓ ఆవుకి పొదుగు వాపని మందు మీద మందు పట్టించాడు. వాపు తగ్గింది గానీ, ఆవు మేత ముట్టలేదు, నెమరు వేయడం మానేసింది. నింద మా నాన్న మీద పడింది. ఆయన చేతులు శుభ్రంగా ఉండవట. ఆవు చస్తే ఇల్లు ఖాళీ చేయమన్నాడు. బయట మోకాలి లోతు మంచు. గడ్డిని అరిగించే మంచి బ్యాక్టీరియా ఆవు కడుపులో, నెమరు ముద్దలో కాపురం ఉంటుందనీ, ఆ మందు వాటిని కూడా చంపేసిందనీ నాన్న ఇంటికొచ్చి మాకు మాత్రమే చెప్పాడు.

మా నాయనమ్మ గేదెల మధ్య పెరిగిన మనిషి. బ్యాక్టీరియా సంగతి ఆమెకేం తెలుసు, వైద్యం మాత్రం తెలుసు. నన్ను వెంటబెట్టుకుని కొట్టంలోకి వెళ్లి, నెమరేస్తున్న మరో ఆవు నోట్లోంచి ముద్ద లాగి, జబ్బు ఆవు నోట్లో పెట్టబోయింది. అది చూసి యజమాని ఒంటికాలి మీద లేచాడు. డర్టీ పీపుల్ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇల్లు పోతుందన్న సంగతే మరిచి, "చావనీ నాయనమ్మా, వాడికి అలాగే కావాలి" అన్నాను.

నాయనమ్మ నా చెవి మెలేసింది. "వాడు తిట్టింది మనల్ని. ఆవు నిన్నేమందే?" అంది. తర్వాత అతని వైపు చూస్తూ, "నా చెయ్యి మురికైతే తన చెయ్యే పెట్టి తియ్యమని చెప్పు" అంది. ఇంగ్లీషులో చెప్పాను. అతను కాసేపు ఆవుని చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

రెండు రోజులు అతనే ముద్దలు పెట్టాడు. మూడో రోజు ఆవు దవడ కదిలింది. సారీ లేదు, థాంక్స్ లేదు. తన మందే పనిచేసిందని అందరితో చెప్పుకున్నాడు. మమ్మల్ని మాత్రం ఖాళీ చేయమనలేదు.

నాయనమ్మ పోయేదాకా అతన్ని తిడుతూనే ఉంది. నా కోపం కూడా ఇంకా చల్లారలేదు. కానీ ఆ రోజు నుంచి, ఎవరి మీద ఎంత కోపమొచ్చినా, దానివల్ల నోరులేనిదేదైనా పస్తు పడుకోవాల్సి వస్తుందేమోనని ముందు చూసుకుంటాను.