మెత్తచెయ్యి ఎడమ బొటనవేలు

ల్యాబులో అందరూ ఆయన్ని మెత్తచెయ్యి అంటారు. వెక్కిరింతగా పుట్టిన పేరు, పోనుపోను బిరుదై కూర్చుంది. ఆ పొడుగాటి గదిలో, బల్ల మీద కొలువుదీరిన వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజరుకు బయటి పరికరాలు తగిలించడం ఆయన పని. ఒకవైపు నుంచి సంకేతాన్ని పంపి, అందులో ఎంత అవతలికి చేరింది, ఎంత గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది, రావడానికి ఎంత ఆలస్యమైంది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పే యంత్రమది.

దాని చెవులు మహా సున్నితం. సంకేతాన్ని పెంచే బయటి యాంప్లిఫయరుదేమో పెద్ద గొంతు. ఆ గొంతు తిన్నగా చెవిలో పడితే యంత్రం చెవిటిదవుతుంది. అందుకని మధ్యలో ఎటెన్యుయేటర్ అనే చిన్న లోహపు గొట్టం పెట్టి గొంతు తగ్గించాలి. ముందు అది, తరవాత కేబుళ్లు, అన్నీ సరిచూసుకున్నాక యాంప్లిఫయరుకి కరెంటు. ఈ వరస నిద్రలో లేపి అడిగినా ఆయన చెబుతాడు.

ఆయన బాధ వరసతో కాదు. కేబుల్ కొసన సన్నటి పిన్ను, దాని చుట్టూ నట్టు ఉంటాయి. ఎడమచెయ్యి కేబుల్‌ను కదలకుండా పట్టుకోవాలి, కుడిచెయ్యి నట్టును మాత్రమే తిప్పాలి. కేబుల్ కూడా తిరిగిందా, పిన్ను లోపల రాసుకుంటుంది. ఆ పిన్ను దూరే ఎనలైజరు పోర్టే పాడైపోతుంది. తిరుగుతోందో లేదో కంటికి ఆనదు, ఎడమ బొటనవేలే చెప్పాలి. లోకంలో ఇలాంటి వృత్తులు చాలానే ఉన్నాయి. ఫిడేలు తీగ బిగించేవాడు, నాడి పట్టే వైద్యుడు, పడవను రేవుకు కట్టేవాడు, వీళ్లలో ఎవర్ని అడిగినా ఎలా తెలిసిందో చెప్పలేరు. వాళ్ల విద్య వేలికొసల్లోనే కాపురముంటుంది, నోటిదాకా రాదు. ఆ వేలే మూగబోతే ఇక అడగడానికి ఎవరూ ఉండరు.

మెత్తచెయ్యి ఎడమ బొటనవేలు మొద్దుబారింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. ఇంకో కుర్చీలో తనను తాను ఊహించుకోవడం ఆయనకు చేతకాలేదు.

ఆ పొద్దున భార్య వెనక నుంచి అద్దంలోకి తొంగిచూసింది.

"బొత్తాలు పెట్టుకోవడానికి ఇంతసేపా? పెళ్లిచూపులకేమైనా వెళ్తున్నారా?"

"వెళ్తే నీకు చెప్పే వెళ్తాలే."

"చెప్పకపోయినా పర్లేదు. పైబొత్తం కింది కన్నంలో ఉంది, అది చూసుకోండి."

ఆ రోజు కొత్త యాంప్లిఫయరు పరీక్ష. ఎటెన్యుయేటర్ పెట్టాడు, కేబుళ్లు బిగించాడు. కరెంటు ఇచ్చేముందు కేబుళ్లను సరిచూడటం ఇంజనీరు వంతు. ఇద్దరు పిల్లల తల్లి, చేరిన రోజు నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. తెర మీద తాడు కట్టినట్టు తిన్నగా ఉండాల్సిన గీత అలలు అలలుగా లేచింది.

"కేబుల్ పోయినట్టుంది బాబాయ్. స్టోరాయన మళ్లీ ఏ మూలదో అంటగట్టాడు."

"అయ్యుండొచ్చు" అని నీళ్లు నమిలాడు.

ఆమె ఫోను అందుకుంది. "ఉండండి, ఇవాళ ఆయన పని చెబుతాను. కిందటిసారీ ఇంతే."

స్టోరాయన రోజూ ఆయనతో కలిసి టీ తాగే మనిషి. పోయినసారి కూడా తప్పు కేబుల్‌ది కాదేమోనన్న అనుమానం ఆయనకిప్పుడు వచ్చింది.

"ఫోను పెట్టెయ్యమ్మా. కేబుల్ మంచిదే. నేనే తిప్పేశాను."

"ఏం తిప్పారు?"

"నట్టుతోపాటు కేబుల్‌నీ. తిరుగుతున్నట్టు తెలియలేదు. ఈ వేలు కొన్నాళ్లుగా నాతో మాట్లాడటం మానేసింది."

"కొన్నాళ్లంటే?"

"చలి మొదలైనప్పటి నుంచి."

"పిన్నికి తెలుసా?"

"మీ పిన్నికి బొత్తాల దాకా తెలుసు."

ఆమె నవ్వలేదు. కేబుల్ విప్పి, పోర్టుకు భూతద్దం ఆనించి చూసింది. చాలాసేపు చూసింది. ఆయన గోడవైపు తిరిగాడు.

"పిన్ను బాగానే ఉంది. కాస్త లోహపు పొడి పడింది, అంతే" అని దూదిపుల్లతో శుభ్రంగా తుడిచింది. తరవాత మెల్లగా అంది: "ఇకనుంచి మీరు వీటిని బిగించకూడదు బాబాయ్."

"తెలుసు."

"అలగకండి."

"అలగడానికి చిన్నపిల్లాడినా? కాస్త బాధపడతాను, అంతే."

"బాధ తరవాత పడుదురుగాని. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి, లేకపోతే పిన్నికి ఫోను చేస్తాను. ముందు ఇది కానిద్దాం, మళ్లీ విప్పే పనుండకూడదు. నేను కేబుల్ పట్టుకుంటా, మీరు నట్టు తిప్పండి."

ఆమె రెండు వేళ్లతో కేబుల్‌ను పట్టుకుంది. ఆయన కుడిచేత్తో నట్టును అందుకుని, సగం తిప్పి ఆగాడు.

"తిరుగుతోందా?" అన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ మాట ఎవర్నీ అడగాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

"లేదు బాబాయ్. కానివ్వండి."

ఆ మాట నమ్మి, మిగతా సగం తిప్పాడు.