కోరుట్ల రోడ్డు మీద పేర్ల వరుస

నిన్న పొద్దున మా విద్యార్థిని స్రవంతి నా బల్ల మీద కొన్ని కాగితాలు పెట్టింది. అప్పుడే జిరాక్సు తీసినవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. గంభీరావుపేట బావుల నీళ్ళ మీద ఏడాదిపాటు చేసిన పరిశోధనకు రాసిన వ్యాసం. మొదటి పేజీలో అందరికన్నా ముందు నా పేరు! ఆ కాగితాల వాసనకు నాకు నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. సరిగ్గా ఇదే పని చేసి జగిత్యాలలో రాజలింగం సారుతో చీవాట్లు తిన్నదాన్ని నేను.

సారు మాకు పీజీలో ఫిజిక్సు చెప్పేవారు. ఆయన జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. ఆయన దిద్దిన కాగితాలు దులిపితే పొట్టు రాలేది. తెలంగాణ ఉద్యమం రోజులవి, కాలేజీ ఒకరోజు నడిస్తే రెండు రోజులు బందు. సిరిసిల్లలో మా బాపు సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మేమలాగే అంటాం. "బాపుకు చెవులు మందమైనయంటివి గద, ఆ చప్పుడెంతుందో కొలువు" అని పని పురమాయించింది సారే. కోరుట్ల నుంచి వచ్చే నా దోస్తు నజ్మా, నేనూ ఆ ఎండాకాలమంతా షెడ్డు షెడ్డుకూ తిరిగాం. కార్మికుల వినికిడి పరీక్షించింది నేను. మీటరు పట్టి చప్పుడు కొలిచి, లెక్కలు కట్టింది నజ్మా. ఆ తర్వాత వాళ్ళమ్మకు జబ్బు చేసి తను చదువు మానేసింది.

వ్యాసం నేనే రాశాను. పైన ప్రిన్సిపాల్ పేరు, తర్వాత సారు పేరు, కింద నాది. సారు పల్లీలు నములుతూ చూశారు.

"గిదేంది, పెండ్లిపత్రికా? పెద్దల పేర్లన్ని పైన వెట్టినవు."

"మర్యాద కద సార్."

"ప్రిన్సిపాల్ సాబ్ షెడ్డు మొఖమన్న చూసిండా?" ఆ పేరు కొట్టేశారు. "నేను దారి చూపిన, దిద్దిన. నాది ఆఖరికి. తిరిగింది, రాసింది నువ్వు, నీది ముందుగాల."

నేను గాల్లో తేలిపోయాను. అంతలోనే అడిగారు, "లెక్కలెవరు చేసిండ్రు?"

"నజ్మా, సార్. ఆమె చదువు మానేసింది కద."

"చదువు మానేసింది. చేసిన పని యాడికి వోయింది?"

వ్యాసం పంపడానికి మర్నాడే ఆఖరు రోజు. ఫోన్ చేస్తే సరేనంటుంది సార్ అన్నాను. "అంటది. కని చదివినంక అనాలె. నడువు" అని లేచారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. అసలు మంట వేరే. అన్నాళ్ళూ తన ఊసే ఎత్తనిదాన్ని ఇప్పుడు తన ముఖమెట్లా చూడాలని.

కోరుట్ల పొలిమేరలో బస్సు ఆగిపోయింది. రాస్తారోకో. నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు, పక్కన డప్పులు. పెద్ద గిన్నెలో కిచిడీ కలుపుతున్న ఆడవాళ్ళలో నజ్మా! గంటె పట్టుకునే ఉరికొచ్చి నన్ను వాటేసుకుంది. విషయం చెప్తే చెయ్యి తుడుచుకుని, తారురోడ్డు మీదే కూర్చుని మొదటి నుంచీ చదివింది. సారు విస్తరి ముందు కూర్చున్నారు.

పట్టిక దగ్గర నజ్మా ఆగింది. "ఏందే ఇది? గా మూలమీది షెడ్డుల కొలిచినంక ఇంటికి వోయినా చెవులల్ల గుయ్యిమన్నది. దానికి తక్కువ రాసినవేంది?"

చూస్తే రెండు షెడ్ల అంకెలు తారుమారు చేసి ఎక్కించాను. మర్నాడు ఆ తప్పు నా పేరు ముందు పెట్టుకుని బయలుదేరేది. సారు తిడతారనుకున్నాను. ఆయన విస్తరి చాపి, "ఇంకింత వెయ్యి బిడ్డా" అన్నారు నజ్మాతో.

అక్కడే అంకెలు సరిచేసి, పేర్లు కొత్తగా రాశాం. నేను, నజ్మా, ఆఖరున సారు. డప్పులు మోగుతుండగా ముగ్గురం సంతకాలు పెట్టాం. నజ్మా పసుపు వేలిముద్ర ఆ ప్రతి మీద ఇప్పటికీ ఉంది, బీరువాలో దాచుకున్నాను. అంత కమ్మటి కిచిడీ మళ్ళీ తినలేదు.

నిన్న స్రవంతి ఎదుటే నా పేరు కొట్టేసి ఆఖరున రాశాను. "ఇంకెవరు చేసిండ్రు?" అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుంది. "ఏ బావి నీళ్ళు తియ్యాలె, ఎప్పుడు తియ్యాలెనని అంత మా మామనే చెప్పిండు మేడం. ఆయనకు ఇంగ్లీషు రాదు."

కాగితాలు తీసుకుని లేచాను.

"తెలుగుల చదివి వినిపిద్దాం. నడువు."